బరువు మరిచిన చెవి

మన లోపలి చెవిలో కంటికి ఆననంత చిన్న స్ఫటికాలు ఉంటాయి. కాల్షియం కార్బొనేట్ రవ్వలు. తల వంచినా ఎత్తినా భూమి లాగుడుకు అవి రవ్వంత జరుగుతాయి. ఆ జరుగుడును బట్టే ఏది పైన, ఏది కింద అన్నది మెదడుకు తెలుస్తుంది. వాటి పేరు ఓటోలిత్‌లు. అంజలిక సాగర్, కోడ్వో ఎషున్ 2002లో లండన్‌లో మొదలుపెట్టిన కళాబృందానికి ఈ రవ్వల పేరే పెట్టుకున్నారు. మరుసటి ఏడు రిచర్డ్ కజిన్స్‌ను కలుపుకుని తీసిన తొలి చిత్రానికీ అదే పేరు. తర్వాత ఇంకో రెండు రావడంతో దాన్ని ‘ఓటోలిత్ 1’ అంటున్నారు. నిడివి 22 నిమిషాలు. ప్రవాసుల చరిత్రను భవిష్యత్తులో నిలబడి చెప్పిన పనుల్లో ఇంత పొదుపైనదాన్ని, ఇంత గట్టిదాన్ని నేను ఇంకోటి చూడలేదు.

కథ రెండు మాటల్లో చెప్పొచ్చు. అది 2103. అంతరిక్ష కేంద్రంలో బరువులేనితనానికి అలవాటుపడ్డ మనుషుల చెవుల్లో ఆ రవ్వలు పనిచేయడం మానేశాయి. వాళ్ల ఒంటికి ఇక భూమి పనికిరాదు, దిగితే నిలబడలేరు. వాళ్లకు మిగిలిన భూమి పాత రీళ్లలో, టేపుల్లో ఉన్నదే. డాక్టర్ ఉషా అదేబరన్-సాగర్ అనే పరిశోధకురాలు ఆ రికార్డింగులను తిరగేస్తూ తన వంశంలోని ఆడవాళ్ల జాడ పట్టుకుంటుంది. ఇంతే.

ఇలాంటి కథ చేతికొస్తే మామూలు దర్శకుడు మొదట సెట్టు వేయిస్తాడు. వెండి రంగు గోడలు, మెరిసే మీటలు, కిటికీలో నీలి గోళం. ఇక్కడ అదేమీ లేదు. తెర మీద కనిపించే బొమ్మలన్నీ నిజమైనవి. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్ వీధుల్లో లక్షల మంది నడిచిన ఊరేగింపు నిజం. మాస్కో పక్కనున్న స్టార్ సిటీలో వ్యోమగాముల శిక్షణ విమానం నిజం. 1973లో మాస్కోలో ఒక భారతీయ మహిళ వ్యోమగామి వాలెంతీనా తెరిష్కోవాను కలిసినప్పటి దృశ్యం నిజం. కల్పన అంతా ఆ బొమ్మల మీద వినిపించే గొంతులోనే ఉంది. ఆ గొంతు ఏ సంవత్సరం నుంచి మాట్లాడుతోంది అన్న ఒక్క విషయం మార్చారు, దాంతో ప్రతి బొమ్మ అర్థం మారిపోయింది.

ఇది ఎలా పనిచేస్తుందో ఊరేగింపు భాగంలో చూడాలి. చలికోట్లు తొడుక్కున్న జనం, చేతుల్లో అట్టలు, మొహాల్లో గెలుస్తామన్న నమ్మకం. ఆ నెలలో టీవీ వార్తల్లో ప్రపంచమంతా చూసిన దృశ్యాలే. వాటి మీద నూరేళ్ల తర్వాతి మనిషి మాట్లాడుతుంటే ఆ జనం ఒక్కసారిగా పురాతనులైపోతారు. నడిచేవాళ్లకు ఏం జరగబోతోందో తెలియదు. చూస్తున్న మనకు తెలుసు, ఐదు వారాలు తిరక్కుండా మార్చి 20న బాంబులు పడ్డాయి. చెబుతున్న ఆమెకు ఇంకా ఎంతో తెలుసు, కానీ చెప్పదు. ఒకే బొమ్మ మీద మూడు తెలివిడులు, ఒకదానికొకటి అందకుండా. దీనికి ఒక్క పైసా గ్రాఫిక్స్ ఖర్చు కాలేదు.

ఆ గొంతు అంజలిక సాగర్‌దే. హెచ్చుతగ్గులు లేని చదువు. బాధ, వ్యంగ్యం, పూర్వీకుల తలపులకు గొంతు పూడుకుపోవడం ఏదీ లేదు. మొదట్లో నాకది పొడిగా తోచింది. రెండోసారి విన్నప్పుడు ఆ పొడిదనమే దూలంలా పైకప్పును మోస్తున్నదని అర్థమైంది. ఎక్కడైనా గొంతు వణికిందా, ‘అయ్యో పాపం భూమి’ అనే మెలోడ్రామాలో పడిపోతాం. వణకదు కాబట్టి మనమే వణుకుతాం.

ఇక ఆ విమానం సంగతి. ఇల్యూషిన్-76 ఏటవాలుగా పైకెక్కి, కొండ దాటినట్టు ఒరిగి కిందికి దూకుతుంది. ఆ వంపులో ఇరవై చిల్లర సెకన్లు లోపలున్నవాళ్లకు బరువుండదు. ఆర్ట్స్ కేటలిస్ట్ అనే బ్రిటిష్ సంస్థ కళాకారులను, శాస్త్రజ్ఞులను అలాంటి ప్రయాణాలకు పంపింది. ఆ అవకాశంతోనే ఈ బృందం అందులో ఎక్కి చిత్రీకరించింది. మెత్తలు వేసిన లోపలి గదిలో మనుషులు నేలను వదిలి, ఒకరినొకరు పట్టుకోబోయి జారిపోతుంటారు. సినిమా మొత్తంలో అన్నిటికంటే కల్పనలా కనిపించేది ఈ ముక్క. అది నూటికి నూరుపాళ్లు జరిగిందే. అందరికీ తెలిసిన ఊరేగింపేమో పరలోక దృశ్యంలా ఉంటుంది. నిజాన్ని వింతగా, వింతను నిజంగా అటుదిటు చేసిన ఈ కూర్పు ఎడిటింగ్ బల్ల మీద జరిగిన పని. ట్రిక్కు షాటు పేరెత్తాల్సిన చోటే లేదు.

మాస్కో దృశ్యంలో ఉన్న మహిళ అనసూయ జ్ఞాన్‌చంద్, భారత జాతీయ మహిళా సమాఖ్యకు అధ్యక్షురాలు, అంజలికకు అమ్మమ్మ. తెరిష్కోవా సంగతి తెలిసిందే: 1963 జూన్‌లో వోస్తోక్-6లో ఒంటరిగా భూమిని 48 చుట్లు చుట్టి వచ్చిన మొదటి మహిళ. పదేళ్ల తర్వాత ఇద్దరూ కలిశారు. ముప్పై ఏళ్లకు మనవరాలు రష్యన్ విమానంలో తేలింది. నూరేళ్లకు ఆ వంశంలో పుట్టబోయే ఉష ఇక దిగలేనంతగా తేలిపోయింది. మూడు కణుపుల వంశవృక్షం. మొదటి రెండూ చరిత్ర, మూడోది ఊహ. ఊహకు దక్కిన బలమంతా ముందున్న రెండు కణుపుల నుంచి వచ్చిందే.

నాకు బాగా నచ్చింది ఇందులో ఏవేవి లేవన్నదే. ప్రవాసుల కళ అనగానే మనకు పోపు వాసన, అమ్మ చీర, ఇనుపపెట్టె, ఆవకాయ జాడీ ఎదురవుతాయి. చూసి చూసి విసుగు పుట్టింది, మొహమాటం లేకుండా చెప్పాలంటే. అంజలిక తన అమ్మమ్మ దగ్గర తీసుకున్న ఆస్తి వంటకం కాదు, ఆడవాళ్ల ఉద్యమం, ఇరవయ్యో శతాబ్దం నడుమ అందరికీ చోటుండే లోకం వస్తుందని నమ్మిన ఆ తరం ధీమా. ఆ లోకం రాలేదు. రానిదాన్ని వారసత్వంగా ఎలా అందుకోవాలి అన్నదే సినిమా లోపలి ప్రశ్న.

లోపాలు లేవని కాదు. నడుమ భాగంలో వ్యాఖ్యానం మరీ చిక్కబడుతుంది. ఒక వాక్యం ఇంకే లోపు ఇంకోటి వచ్చి పడుతుంది. పేర్లు తెలియనివాడు వెనకబడిపోతాడు. 2007లో వచ్చిన రెండోభాగం ముంబయి, చండీగఢ్‌లలో తిరుగుతుంది. నగరాల గురించి మంచి ఆలోచనే కానీ మొదటిదాని బిగి లేదు. 2009 నాటి మూడోది మాత్రం గమ్మత్తైనది. సత్యజిత్ రాయ్ 1967లో రాసి తీయలేకపోయిన ‘ది ఏలియన్’ స్క్రిప్టులోని పాత్రలే బయటికొచ్చి, తమ సినిమా తీయమని వెంటపడతాయి. మరుసటి ఏడు ఈ బృందం టర్నర్ బహుమతి తుది జాబితాలో నిలిచింది.

ఈ సినిమాను నిజామాబాదులో కూర్చుని చూస్తే ఇంకోలా ఉంటుంది. భూమి మీదికి రాలేక, దాన్ని రికార్డింగుల్లో మాత్రమే చూసే మనిషి అన్న ఊహకు అక్కడ లండన్‌లో వందేళ్ల దూరం కావలసివచ్చింది. ఆర్మూరు, బాల్కొండ, బోధన్ పల్లెల్లో దానికి సైన్స్ ఫిక్షన్ అవసరం పడలేదు. ఏ దేశం పోయినా ‘దుబాయ్ పోయిండు’ అనే ఈ ప్రాంతంలో, అరబ్బు దేశాల్లో చమురు డబ్బు పెరిగిన నాటి నుంచి మగవాళ్లు పోతూనే ఉన్నారు. కంపెనీ వీసా మీద పోయినవాడు రెండేళ్లకోసారి వస్తాడు. ఆజాద్ వీసా అని నమ్మి పోయినవాడు దొరికిన పని చేసుకుంటాడు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర నుంచి బయటపడ్డవాడు ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేనివాడు, అవుతాడు. పాస్‌పోర్టు చేతిలో ఉండదు, అకామా (నివాస అనుమతి) గడువు దాటిపోయి ఉంటుంది, ఆమ్నెస్టీ ప్రకటించి ఔట్‌పాస్ దొరికేదాకా ఊరు అతనికి దిగరాని గ్రహం. బిడ్డ మొదటి అడుగులు, చెల్లె పెండ్లి, తల్లి దినాలు అన్నీ ఫోన్‌లో చూస్తాడు. ఒకప్పుడు మనిషి చేతికిచ్చి పంపిన క్యాసెట్లు, తర్వాత ఎస్టీడీ బూత్ ముందు వరుసలు, ఇప్పుడు ఐఎంఓ, వాట్సాప్. ఉషకున్న స్థితే. తేడా ఏమిటంటే ఉషకు జీతం దొరికే పరిశోధన అది.

ఇక్కడి రికార్డుకు ఇంకో కష్టం ఉంది. ఉష ముందు భద్రంగా దాచిన టేపులున్నాయి. మన ఇండ్లలోని దృశ్యాలన్నీ ఫోన్లలో ఉన్నాయి. అద్దం పగిలిన ఫోన్ అమ్మేస్తే, నంబరు మారితే, మెమరీ నిండిందని ఎవరో గ్యాలరీ తుడిచేస్తే మస్కట్‌లో గడిచిన ఐదేళ్లు పోతాయి. డిజిటల్ అంటే చిరకాలం అన్న భ్రమ గల్ఫ్ కుటుంబాల దగ్గర నిలవదు. అనసూయమ్మ 1973 రీలు బతికింది. 2013 నాటి వాయిస్ మెసేజ్ ఎన్ని ఇండ్లలో మిగిలింది?

ఈ జిల్లాకు ప్రవాసంతో ఉన్న రెండో లంకె చక్కెర. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్ల మీద ఆధారపడి 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నారు. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతులు తరలివచ్చి పొలాలు కొని క్యాంపులు కట్టుకున్నారు. అంటే చక్కెర ఇక్కడికి మనుషులను రప్పించింది. అదే చక్కెర ఇంకోచోట తెలుగువాళ్లను సముద్రం దాటించింది. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ ఒప్పందపు కూలీలతో నటాల్‌కు పోయింది. 1911 దాకా సాగిన ఆ రవాణాలో 1,52,184 మంది దక్షిణాఫ్రికా చేరారు, ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి. వాళ్లలో నైజాం రాజ్యం వాళ్లున్నారని నేను అనను. విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి పోయినవాళ్లే ఎక్కువ. అయినా కొడవలి పట్టిన చెయ్యికి చెరకు ఎక్కడైనా చెరకే.

ఆ ఫిజీ చెరకును శివాంజనీ లాల్ కళగా మలిచింది. ఫిజీ-భారతీయ కుటుంబంలో పుట్టి ఆస్ట్రేలియాలో పనిచేసే ఈమెవి వీడియో, శిల్పం, అచ్చు, గుడ్డ అన్నీ కలగలిసిన పనులు. ‘ఐసే ఐసే హై’ అనే కూర్పులో 87 చెరకు గడలను ప్లాస్టరులో అచ్చు పోసింది. 1879 నుంచి 1916 వరకు గిర్మిటియాలను, అంటే ఒప్పందపు కూలీలను, ఫిజీకి చేర్చిన ఓడ ప్రయాణాలు 87. ఒక్కో ప్రయాణానికి ఒక గడ.

బోధన్ రైతును ఆ గడల ముందు నిలబెట్టాలని నాకు కోరిక. అతను ముందు కణుపులు చూస్తాడు. కణుపుకు కణుపుకు మధ్య దూరం తగ్గిందంటే ఆ నెలల్లో తోటకు నీళ్లు అందలేదన్నమాట. గడను కింది నుంచి పైకి చదివితే ఆ ఏడాది కాలువ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది తెలిసిపోతుంది. అంటే గడ తనంతట తానే ఒక దస్తావేజు. చేత్తో చెక్కితే ఆ లెక్క పోతుంది, చెక్కేవాడి అభిరుచి వచ్చి కూర్చుంటుంది. అచ్చు పోస్తే ఆ మొక్క పడ్డ ఇబ్బంది ఉన్నదున్నట్టు ప్లాస్టరులోకి దిగుతుంది. నిజం గడ వంగుతుంది, రసముంటుంది, కొట్టిన రోజు నుంచి తూకం తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఆలస్యమైతే రైతు గుండె దడదడలాడుతుంది. ప్లాస్టరు గడ వంగదు, తూకం తగ్గదు, పడితే ముక్కలవుతుంది. ఏది నిలుపుకోవాలి, ఏది పోగొట్టుకోవాలి అన్న ఎంపికలో చేతిపనితనం ఉంది.

87 అన్న అంకె కూడా ఆలోచించి ఎంచుకున్నదే. ఇక్కడో పాత సంగతి చెప్పాలి. ఫిజీలో పుట్టిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ వలస పాసులను కంప్యూటరుకెక్కించి లెక్కతీశాడు. 1983లో వచ్చిన ఆయన ‘గిర్మిటియాస్’ పుస్తకం 45 వేలకు పైగా పాసుల మీద నిలబడింది. ఒక్కో పాసు మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చ. డిజిటల్ కళ అన్న మాట అంతగా వాడుకలో లేని రోజుల్లోనే ప్రవాస చరిత్రలోకి కంప్యూటరు అలా వచ్చింది. అయితే ఆయన తీసుకున్నవి కలకత్తా నుంచి పోయినవాళ్ల పాసులు. మద్రాసు ఓడల్లో పోయిన సుమారు 15 వేల మంది, అంటే తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, ఆ పట్టికల్లో లేరు. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకుని పిల్లలకు తెలుగు నేర్పుకోవాలని తంటాలు పడ్డ జనం అది. శివాంజని లెక్కేసింది మనుషులను కాదు, ప్రయాణాలను. కలకత్తా ఓడకూ ఒక గడే, మద్రాసు ఓడకూ ఒక గడే. ఆ పట్టికల్లో దొరకని చోటు మనవాళ్లకు ప్లాస్టరులో దొరికింది. ఆమె ఇది మనసులో పెట్టుకుని చేసిందో లేదో, పని మాత్రం అలా చేసింది.

నటాల్ తోటల వారసురాలు ఒకామె ఉంది, బ్రిస్బేన్‌లో ఉండే సంచింత్య మోహినీ సింప్సన్. చెరకు తోటల్లో ఆడవాళ్ల మీద జరిగిన హింసను మొగలాయి, రాజస్థానీ చిత్రాల పద్ధతిలో, చేతితో చేసిన వస్లీ కాగితం మీద వేలెడంత మనుషులుగా గీస్తుంది. దర్బార్లను, వేటలను పొగడడానికి పుట్టిన పద్ధతిని మేస్త్రీ దెబ్బలకు వాడడం చిన్న తెగువ కాదు. ఆమె సోదరుడు ఇషా రామ్ దాస్ సమకూర్చిన శబ్దాలు కొన్ని ప్రదర్శనల్లో తోడుంటాయి. ఆ బొమ్మల్లో నన్ను నిలబెట్టింది ఖాళీ కాగితం. రికార్డులో లేనిదాన్ని ఆమె రంగుతో నింపదు.

ఈ మాటే ఇప్పుడు గట్టిగా చెప్పాల్సి వస్తోంది. పాత ఫొటోలో తాత కళ్లార్పి నవ్వేలా చేసే యాప్‌లు ప్రతి ఫోన్‌లోకీ వచ్చాయి. ఓడెక్కుతున్న కూలీలు మన వైపు తిరిగి కథ చెప్పే కృత్రిమ మేధ రీల్సు కనిపిస్తున్నాయి. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ ఆ పాత ఫొటోలో ఆ మనిషి నవ్వలేదు. నవ్వకపోవడమే అతను మనకు వదిలిన ఒకే ఒక్క సాక్ష్యం. యంత్రం నవ్వించిన మరుక్షణం అది చెరిగిపోతుంది. ఓటోలిత్ గ్రూప్ 1973 నాటి రీలులో అనసూయమ్మ పెదవిని కదపలేదు. శివాంజని కణుపును సరిదిద్దలేదు. ఊహను దస్తావేజు లోపలికి చొరబడనివ్వకుండా పక్కనే నిలబెట్టడం వాళ్ల పట్టు.

ఇక బోధన్. నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఒకప్పుడు క్రషింగ్ సీజన్‌లో బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరిన దారి అది. శక్కర్‌నగర్ కాలనీలో పెరిగిన పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు. కాటా చిట్టీలు, ఐడీ కార్డులు, కాలనీ క్లబ్బులో తీయించుకున్న గ్రూప్ ఫొటోలు, ఇంకా మాట్లాడగలిగిన రిటైరైన కార్మికులు, మూలన పడ్డ ఫోన్లలో మస్కట్ నుంచి వచ్చిన గొంతులు. ముడిసరుకుకు కొరత లేదు. డ్రోన్ ఎగరేసి తుప్పు పట్టిన చిమ్నీ చుట్టూ తిప్పి, విషాద సంగీతం పెడితే ఒక వీడియో అవుతుంది. అలాంటివి వచ్చాయి, ఇంకా వస్తాయి. చిమ్నీ దానంతటది ఏమీ చెప్పదు.

చేయగలిగినవాళ్లు ఎవరైనా ఇక్కడి నుంచి వస్తే వాళ్ల మొదటి పని కెమెరా కొనడం కాదు, మాట్లాడే మనిషి ఎవరో, ఏ సంవత్సరంలో ఉందో తేల్చుకోవడం. అంజలిక తన వారసురాలికి వైద్య కారణం ఇచ్చింది, చెవిలో రవ్వలు. బోధన్ వారసురాలు ఎందుకు ఊరికి రాలేకపోతోంది? నీళ్లా, వీసానా, ఇంకేదైనానా? ఆ కారణం ఒంటికి సంబంధించినదై, నమ్మదగ్గదై ఉండాలి. తర్వాతది యాస. ఉర్దూ, మరాఠీ వాసన తగిలే బోధన్ తెలుగు, డెల్టా నుంచి వచ్చిన క్యాంపుల తెలుగు, దానిపైన తరతరాలుగా దిగుమతైన అకామాలు, కఫీల్‌లు, ఖల్లివెల్లిలు. 2103లో అవన్నీ ఒకే నోట్లో ఎలా కలిసి పలుకుతాయో చెవితో పట్టుకుని, గొంతు వణక్కుండా చదవగలగాలి. బొమ్మలు మన ఇండ్లలో ఇప్పటికే ఉన్నాయి.